దొంగ త్రొక్కిన గడప

ఒక ఇంట దొంగతనము జరిగినపుడు పోయిన వస్తువులకు లెక్క వ్రాయుట కష్టము కాదు. ఇన్ని తులముల బంగారము, ఇంత వెండి, ఇంత రొక్కమని ఠాణాలో ఫిర్యాదు ఇచ్చుటతో ఆ పని ముగియును. కాని ఆ కాగితమునకు ఎక్కని నష్టమొకటి కలదు. ఆనాటినుండి ఇల్లాలికి ఆ గదిలో కంటిమీద కునుకు రాదు. దొంగ చిందరవందర చేసిన చీరలను ఉతికి ఆరవేసినను, మరల కట్టుకొనుటకు మనసొప్పదు. పిల్లలు రాత్రివేళ మంచినీళ్ళకై వంటింటిలోనికి ఒంటరిగా పోవుటకు జంకుదురు. యజమాని తాళము వేసినదే మరల మరల లాగి చూచుకొనును. కొన్నాళ్ళకు ఆ ఇంటివారు పైకి అనకపోయినను లోలోపల ఒకే మాట అనుకొనుచుందురు: ఈ ఇంట ఇక ఉండగలమా? ఉండవలెనా? ఇది ధైర్యమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు, ధర్మమునకు కూడ సంబంధించినది. ఇల్లనగా ఏమి, దానిని తనదిగా చేయునది ఏది అను విచారణ ఇందులో ఇమిడియున్నది. బసవేశ్వరుని బోధను ఇంటి దీపముగా నిలుపుకొన్న కుటుంబములు దీనికి చెప్పవలసిన సమాధానమును ఆలోచించుట యుక్తము.

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్.బి.నగర్ వరకు, ఆపైన వనస్థలిపురము వరకు వ్యాపించిన కాలనీలలో ఈ ప్రశ్న తరచుగా వినబడును. సరూర్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, నాగోలు, కర్మన్‌ఘాట్ ప్రాంతములలో చిరుద్యోగులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు గజముల లెక్కన స్థలము కొని, అప్పు చేసి, అంతస్తు మీద అంతస్తు లేపి కట్టుకొన్న ఇండ్లు వేలకొలది కలవు. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవారు ఇందులో అనేకులు. పై అంతస్తులో అద్దెవారు, ప్రక్క వీధిలో విద్యార్థుల హాస్టళ్ళు, రాత్రి ప్రొద్దుపోవువరకు జనసంచారము. అయినను సంక్రాంతికి విజయవాడ రహదారి మీది బస్సుల కొరకు ఎల్.బి.నగర్ కూడలిలో జనము కిటకిటలాడు దినములలో వెనుక కాలనీలు బోసిపోవును. దొంగకు ఆ వీధులు తెరచిన పుస్తకము వంటివి. ఊడ్వని వాకిలి, ముగ్గు లేని గడప, గేటు లోపల పడియున్న వార్తాపత్రికలు, గొళ్ళెమునకు బయటనుండి వ్రేలాడు తాళము, ఇవే అతడు చదువు అక్షరములు. పండుగకు ముందు పోలీసువారు ప్రజలకు చేయు హెచ్చరికలలోను ఈ సంగతులే ఉండును. వేసవిలో మేడమీద పడుకొన్నపుడు క్రింది ఇంటి తాళము పగులగొట్టుటయు ఈ ప్రాంతమువారికి తెలిసిన విషయమే.

పోయిన ధనమునకే మనిషి ఇంతగా కలత చెందునా? ఇదే ప్రాంతము ఒక ఉదాహరణ చూపినది. 2020 అక్టోబరు నెలలో కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలలో వీధులు కాలువలైనవి. ఇండ్లలోనికి మురుగునీరు జొరబడి బియ్యము, పరుపులు, యంత్రములు, పిల్లల పుస్తకములు పాడుచేసినది. ఒక దొంగ మోసికొనిపోగలిగిన దానికన్న నీరు చేసిన నష్టము అనేక గృహములలో ఎక్కువ. అయినను నీరు తీసిన పిమ్మట జనులు బురద ఎత్తిపోసి, గోడలు కడిగి, అవే గదులలో కాపురములు సాగించిరి. మరల వాన వచ్చునను భయము వారికి ఉండవచ్చును. కాని తమ ఇల్లు తమది కాకుండపోయినదను భావము కలుగలేదు. నీటికి ఉద్దేశ్యము లేదు. దొంగకు కలదు. ఒక మనుష్యుడు వేచి, చూచి, ఎంచి, పిలువని చోటికి వచ్చి, దాచుకొన్నవానిని తాకి వెళ్ళినాడను ఎరుకయే గాయము. ఇంటివారిని బాధించునది వస్తువు పోవుట కన్న, తమ ఇచ్ఛ లేకుండ పరుని ఇచ్ఛ గడప దాటుట.

శాసనము కూడ ఈ భేదమును గుర్తించినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి దొంగతనమును ఒక నేరముగాను, ఇంటిలోనికి అక్రమముగా చొరబడుటను వేరొక నేరముగాను నిర్వచించెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడ ఆ విభజనను నిలిపినది. నివాసగృహములో దొంగతనము 305వ సెక్షనులోను, గృహచొరబాట్లకు శిక్షలు 331వ సెక్షనులోను ఉన్నవి. పగటి చొరబాటు కన్న రాత్రి చొరబాటునకు అందు శిక్ష హెచ్చు. పోయినది ఒక రూపాయి అయినను, ఏమియు పోకపోయినను, చొరబడుట నేరమే. 1980లో బ్రిటన్‌లో మైక్ మాగ్వైర్ అను నేరశాస్త్ర పరిశోధకుడు మూడు వందలమందికి పైగా బాధితులను విచారించి ప్రకటించిన అధ్యయనమందును ఇదియే తేలినది. ఎక్కువమంది తమకు కలిగిన ఘోరమైన బాధగా చెప్పినది ఆస్తినష్టమును కాదు. తమ ఏకాంతములోనికి పరుడు ప్రవేశించుటను, అందువలని మనోవ్యథను వారు ముందు చెప్పిరి. కనుక ఇల్లాలు భయపడినపుడు పిరికితనమని పరిహసించుట తగదు. ఆమె బాధకు శాసనమునందును లోకానుభవమునందును ఆధారము కలదు.

ఇట్టి బాధకు లోకము సాధారణముగా మూడు మందులు చెప్పును. ఆ మూడును వీరశైవ ధర్మమునకు పొసగవు.

మొదటిది, ఇల్లు మైలపడినదనుట. ఎవరో వచ్చి గుమ్మము దిక్కు మార్చుమందురు, మెట్లు పగులగొట్టుమందురు, ఇల్లు అచ్చిరాలేదు, అమ్ముకొమ్మందురు. దొంగ పూజగదిని కూడ సోదించి పోయిన ఇంట ఈ మాట మరింత లోతుగా నాటుకొనును. కాని శరణులు జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి అను ఐదింటి వలన సూతకము కలుగునను నమ్మకమునే త్రోసివైచిరి. లింగధారి దేహమునకు జననమరణముల వలననే మైల లేనపుడు, ఒక నిర్భాగ్యుని పాదస్పర్శచే ఇంటికి మైల ఎట్లు కలుగును? దొంగ చేసినది పాపము. ఆ పాపము అతనితోనే పోయినది. దానిని ఇంటి గోడలకు పూసికొని, బాధితులే అపవిత్రులైనట్లు క్రుంగుట న్యాయము కాదు. తిథివారనక్షత్రముల భయమును తీసివేసిన బసవేశ్వరుని అనుయాయులు గుమ్మపు దిక్కునకు భయపడి అప్పులపాలగుట కన్న విచారకరమైనది లేదు. తలుపు బలహీనమైనచో బలమైన తలుపు పెట్టించవలెను. అది వడ్రంగి పని, శాంతి పని కాదు.

రెండవది, వైరాగ్యము బోధించుట. పోయినదానికి ఏడ్వరాదు, సంపద మాయ, బసవన్నను చూచి నేర్చుకొనుడు అని పరామర్శకు వచ్చినవారు చెప్పుదురు. బసవేశ్వరుని ఇంటి ఆవులను దొంగలు తోలుకొనిపోగా, తల్లులకై దూడలు అలమటించుట చూచి, దూడలను కూడ వారి వెంట పంపుమని ఆయన ఆజ్ఞాపించెనను గాథ సంప్రదాయమున ప్రసిద్ధము. ఆ పాలు ఎక్కడ త్రాగినను త్రాగువాడు సంగమదేవుడే అను అభేదభావము దాని సారము. అది మహోన్నతమైన గాథ. కాని ఆ మాట అన్నవాడెవడు? ఆవులను పోగొట్టుకొన్నవాడే. పొరుగువాని ఆవులు పోయినపుడు బసవేశ్వరుడు అతని ఇంటికి పోయి, దూడలను కూడ పంపివేయుమని ఉపదేశించినట్లు ఆ గాథ చెప్పదు. త్యాగము తన వస్తువు విషయమున చేసినపుడు శరణధర్మము. పరుని దుఃఖము ముందు వల్లించినపుడు అది కేవలము దయాహీనత. దయ లేని చోట ధర్మమున్నదని బసవేశ్వరుడు ఎన్నడును అంగీకరింపలేదు. అంతేకాదు, కాయకమును కైలాసముతో సమానము చేసిన మతమిది. ముప్పది సంవత్సరములు ఉద్యోగము చేసి, నెలనెల మిగిల్చి, కూతురి పెండ్లికని కూడబెట్టిన నాలుగు తులముల బంగారము కాయక ఫలము. దానికై కన్నీరు పెట్టుట లోభము కాదు. శ్రమను గౌరవించు ధర్మము, శ్రమఫలము పోయినపుడు కలుగు దుఃఖమును కూడ గౌరవించవలెను.

మూడవది అన్నిటికన్న అపాయకరమైనది. అది అనుమానము. పోలీసువారు అద్దముల మీద నల్లని పొడి చల్లి వ్రేలిముద్రలు తీసికొని వెళ్ళిన పిమ్మట, ఇంటిలో వేరొక విచారణ ఆరంభమగును. పాచిపనికి వచ్చు ఆమె ఆనాడు త్వరగా ఎందుకు పోయినది? పై గదిలోని విద్యార్థి ఊరికెప్పుడు వెళ్ళినాడు? వాచ్‌మన్ బంధువులు ఎవరు? గుసగుసలు ఒక ఇంటినుండి మరియొక ఇంటికి ప్రాకును. సాక్ష్యము లేకుండగనే పనిమనిషిని నాలుగిండ్లవారు మాన్పింతురు. ఆమెకు ఠాణాలో చెప్పుకొనుటకు ఫిర్యాదు లేదు, పోయిన సొత్తునకు జాబితా లేదు. పోయినది ఆమె మంచిపేరు, దానితోపాటు ఆమె పిల్లల అన్నము. ఇది ఆ ఇంట జరిగిన రెండవ దొంగతనము. ఈసారి దొంగ బయటివాడు కాడు. బసవేశ్వరుని సుప్రసిద్ధమైన శీలవచనము దొంగతనమును నిషేధించుటతో ఆరంభమగునని చిన్నపిల్లలకు కూడ తెలియును. పరనిందను నిషేధించునదియు ఆ వచనమే. అంతరంగ బహిరంగ శుద్ధులు రెండును ఆ నియమములందే కలవని ఆయన నిర్ణయము. దొంగ ఒక నియమమును తప్పినాడు. బాధితుడు ఆ కోపమున వేరొక నియమమును తప్పినచో, దొంగ బీరువాలోనిదే కాక హృదయములోనిది కూడ ఎత్తుకొనిపోయినవాడగును. తెలిసిన సంగతి ఉన్నచో దర్యాప్తు చేయువారికి చెప్పవలెను. తెలియనిచో వీధిలో చెప్పరాదు.

శరణుల సమూహమున కన్నద మారితందె అను వచనకారుడు ఉండెను. గోడలకు కన్నము వేయుట అతని పూర్వవృత్తి అని సంప్రదాయము, అతని పేరులోని మొదటి మాటయు అదే చెప్పుచున్నది. కన్నము, చీకటి, నిద్రించు ఇంటివారు అను తన పాత వృత్తి మాటలనే అతడు అజ్ఞానమును భేదించుటకు సంకేతములుగా మార్చుకొనెను. దొంగ వేరు జాతివాడు కాడనియు, మారదగిన మనుష్యుడేననియు శరణులు నమ్మిరనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు. అయితే ఈ నమ్మకము బాధితుని నోరు మూయించుటకు కాదు. ఫిర్యాదు ఇచ్చుట, న్యాయస్థానములో సాక్ష్యము చెప్పుట ద్వేషము కాదు. నేరము చేసినవానిని తన క్రియకు బాధ్యునిగా నిలుపుటయు అతనిని మనుష్యునిగా గుర్తించుటయే. ద్వేషించుట వలన మాత్రము ప్రయోజనము లేదు. ముఖము తెలియని వానిని ద్వేషించువాడు ఎదురైన ప్రతి ముఖములోను అతనిని వెదకును.

ఈ మూడును కానిచో గాయమునకు మందేది? బసవేశ్వరుడు స్థావర జంగమములకు చూపిన భేదమునందే అది కలదు. కట్టిన దేవాలయము కన్న నడచు దేహమునే ఆయన శివునికి నివాసముగా ఎంచెను. ఈ దృష్టితో చూచినచో ఇల్లు ఇటుకలు, తలుపులు, బీరువాల సమాహారము కాదు. అందు తిరుగు మనుష్యుల ఇచ్ఛయు, స్నేహమును, పూజయు, భోజనమును దానికి ప్రాణము. దొంగ స్థావరమున ప్రవేశించినాడు గాని ఈ ప్రాణమును తాకలేదు. మెడలోని ఇష్టలింగము బీరువాలో దాచునది కాదు. వెండి లింగకాయను అపహరింపవచ్చును, లింగనిష్ఠను అపహరింపలేరు. ఇంటి యజమాని లోపల ఉన్నాడా లేడా అని బసవేశ్వరుడు ఒక వచనమున వేసిన ప్రశ్న ఇచట స్మరణీయము. ఆయన ఆ ప్రశ్నను దేహమనెడి ఇంటిని గూర్చి వేసెను. దొంగయు వాకిలి చూచి ఇదే ప్రశ్న వేసికొనును, కాని అతనికి కావలసినది యజమాని లేడను జవాబు. దొంగతనము జరిగిన పిమ్మట ఇంటివారు భయముతో ఆ గదిని మూసివేసి, మాటలు తగ్గించి, అతిథులను మాన్పించి, ఒక మూల ఒదిగి బ్రతికినచో, యజమాని లేడను జవాబు నిజమగును. మరునాటి ఉదయము వాకిలి ఊడ్చి ముగ్గు వేయుట అందువలన చిన్న పని కాదు. యజమాని ఇంటనే ఉన్నాడని లోకమునకును తమకును చేయు ప్రకటన అది.

పిలువనివాడు వచ్చుట వలన కలిగిన గాయము, పిలిచినవారు వచ్చుట వలననే మానును. దాసోహమను మాటకు గృహస్థుని జీవితమున గల అర్థములలో ఇది ఒకటి. దొంగ తిరిగిన గదిలోనే కూర్చుండి లింగపూజ చేసికొనవలెను. ఆ గదిలోనే ఇరుగుపొరుగువారిని పిలిచి ప్రసాదము పెట్టవలెను. జంగమమూర్తిని ఆహ్వానించవలెను. ఇది శుద్ధిక్రియ కాదు, ఎందుకనగా అశుద్ధి లేదు. ఇది ఆహ్వానము. తన ఇచ్ఛతో తలుపు తెరచిన ప్రతిసారి ఆ గడప మీద గృహస్థుని అధికారము తిరిగి నెలకొనును. ఒక పాదముద్రను చెరుపుటకు నూరు పాదముద్రలు కావలెను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ బజారులో బాంబులు ప్రేలి పలువురు ప్రాణములు కోల్పోయినపుడు, ఆ చోటు ఇక నడువదగినది కాదని అనేకులు తలచిరి. ఆ ఘోరమునకును ఒక ఇంటి దొంగతనమునకును పోలిక లేదు. కాని ఆ వీధి తిరిగి వీధి అయినది మనుష్యులు వచ్చుట వలననే. పండ్లబండ్లవారు, చదువుకొను పిల్లలు, బస్సుకై నిలుచువారు దినదినము వచ్చి నిలిచి, భయమునుండి ఆ నేలను మరలించుకొనిరి.

ఇరుగుపొరుగు బలము మనసునకే కాదు, రక్షణకు కూడ పనికివచ్చును. ఒకసారి దొంగతనము జరిగిన ఇంటనే కొద్ది వారములలో మరల దొంగతనము జరుగు అవకాశము ఇతర గృహములకన్న హెచ్చని పరిశోధకులు గమనించిరి. ఇంగ్లండులో రోచ్‌డేల్ పట్టణమునందలి కిర్క్‌హోల్ట్ అను నివాసప్రాంతములో 1980 దశకము మధ్యకాలమున దీనిని ఆధారము చేసికొని ఒక ప్రయత్నము జరిగినది. బాధితుని ఇంటి చుట్టునున్న ఇండ్లవారిని కలిపి ఆ ఇంటిపై కన్నువేసి ఉంచునట్లు ఏర్పాటు చేసిరి. దొంగలను ఆకర్షించు నాణెముల మీటర్లను తొలగించిరి. తాళములు బాగుచేయించిరి. మూడేండ్లలో అక్కడి దొంగతనములు సగమునకు పైగా తగ్గినవి. ఊరంతకు కావలి పెట్టుట కన్న, దెబ్బతిన్న ఒక ఇంటి చుట్టు పొరుగువారు చేరుట మేలైనదని ఆ అనుభవము నేర్పినది. దిల్‌సుఖ్‌నగర్ కాలనీలలో పైన అద్దెకున్నవాని పేరు క్రింది యజమానికి తెలియని ఇండ్లు నేడు తక్కువ కావు. అనుమానించుటకు ముందు పరిచయము చేసికొనుట ఉత్తమమైన కాపలా.

తలుపు తెరచుట అనగా తాళము వేయరాదని కాదు. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భాండారమును కాపాడిన అధికారి. లెక్కయు తాళమును ఆయనకు తెలియనివి కావు. ఊరికి పోవునపుడు నగలను బ్యాంకు లాకరులో ఉంచుట, పొరుగువారికిని ఠాణాకును చెప్పి పోవుట, వాకిలి ఊడ్చి ముగ్గు వేయుటకు ఒకరిని నియమించుట వివేకము. కెమెరా పెట్టుటయు తప్పు కాదు. అది వీధి వైపు చూచుచున్నదా, వంటింటిలో పనిచేయు ఆమె వైపు చూచుచున్నదా అని మాత్రము గృహస్థుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. జాగ్రత్తకు హద్దు కలదు. అనుమానమునకు హద్దు లేదు.

చివరకు ఉండవలెనా, విడిచిపోవలెనా? విడిచిపోవుట పాపము కాదు. ఒంటరిగా నివసించు వృద్ధురాలు, రాత్రి విధులకు పోవు భర్త గల ఇల్లాలు, భయమువలన చదువు సాగని పిల్లలు గల కుటుంబము వేరొక చోటికి పోదలచినచో వారిని ఆపు ధర్మసూత్రమేదియు లేదు. చలనమును శ్రేష్ఠముగా ఎంచిన ధర్మము ఒక గోడకు మనుష్యుని కట్టివేయదు. అయితే పోవుటకు కారణమును పరిశీలించవలెను. తమ క్షేమమునకై తాము నిర్ణయించుకొని పోవుట ఒకటి. మైల అని, అచ్చిరాలేదని, చుట్టునున్నవారందరు దొంగలేనని తలచి తరిమివేయబడినట్లు పోవుట వేరొకటి. ఆ రెండవ విధముగా పోవువారు ఎక్కడికి పోయినను దొంగను వెంటబెట్టుకొనియే పోవుదురు. క్రొత్త ఇంటి గడపను కూడ అతడే ముందు త్రొక్కును. అందువలన ముందు భయము నుండి స్వాతంత్ర్యము, పిమ్మట స్థలనిర్ణయము అనుట మంచి క్రమము. కొన్నాళ్ళు ఆ ఇంట నలుగురి తోడుతో ఉండి, నిద్రపట్టిన పిమ్మట తీసికొన్న నిర్ణయము ఏదైనను మేలే.

ఈ విషయమున మఠములకును సమాజ పెద్దలకును కర్తవ్యము కలదు. పరామర్శకు పోవువారు ఉపదేశముతో పోక, పనితో పోవలెను. ఫిర్యాదు వ్రాయుటకు తోడు పోవువాడొకడు, విరిగిన తలుపు బాగుచేయించువాడొకడు, మొదటి నాలుగు రాత్రులు ఆ ఇంట పడుకొనుటకు బంధువో భక్తుడో ఒకడు కావలెను. దేశములో దొంగలు ఎత్తుకొనిపోయిన సొత్తులో సగమైనను తిరిగి దొరకుట లేదని ప్రభుత్వ లెక్కలే చెప్పుచున్నవి. దొరికినదియు న్యాయస్థానపు అనుమతితోగాని ఇంటికి చేరదు. అంతకాలము ఆ కుటుంబమునకు ఆసరా ఆ నలుగురే. పెండ్లి కుదిరిన పిల్ల ఉన్న ఇల్లయినచో, నగలు లేకుండ పెండ్లి జరిపించుటకు వరుని పక్షమును ఒప్పించు బాధ్యత కూడ సమాజమున పెద్దరికము వహించినవారిదే. అట్టివేళ పలికిన ఒక మంచిమాట పది ప్రవచనములకు సమానము.

దొంగ తలుపు విరుగగొట్టి ఇంటిలోనికి రాగలిగినాడు. ఆ తలుపును ఇకపై ఎవరి కొరకు తెరువవలెనో నిర్ణయించు హక్కును మాత్రము అతడు తీసికొనిపోలేదు. ఆ హక్కును ప్రేమతో వినియోగించు గృహస్థుడు ఏ ఇంటనున్నను అది అతని ఇల్లే, శరణుల ఇల్లే.